వలస అన్న మాట, అమెరికా పాఠం



అమెరికా స్వాతంత్ర్య పాఠాన్ని "మనవలెనే వారును ఆంగ్లేయులను వెళ్ళగొట్టిరి" అని ఒక్క వాక్యంలో ముగించే అలవాటు మన తెలుగు తరగతులలో పాతుకుపోయింది. ఆ వాక్యం తప్పు.

తప్పుకు మూలం "వలస" అన్న మాట. ఊరు విడిచి పోవడమూ వలసే, పరాయి ఏలుబడిలోని నేలయూ వలసే. షోలాపురంలోనో, బరంపురంలోనో, కృష్ణగిరిలోనో చదివే మన బిడ్డకు మొదటి అర్థం తాతముత్తాతల కథగా ఇంట్లోనే తెలుసు. రెండవది పుస్తకం నేర్పుతుంది. రెండూ కలగలిసి, అమెరికాలో తిరగబడినవారు మనవంటి పాలితులని ఆ బిడ్డ తలుస్తుంది. నిజానికి వారు అక్కడికి వలసపోయినవారు, అధికభాగం ఆంగ్లేయ సంతతివారే. నేల పోగొట్టుకున్నవారు చెరోకీ, ఇరోక్వాయి వంటి జాతులవారు. అపలాచియను కొండలకు పడమట స్థిరపడరాదని లండను ప్రభుత్వం 1763లో విధించిన కట్టడి కూడా ఆ తిరుగుబాటుకు ఒక కారణం. మన పాఠాలలో ఈ సంగతి ఎందరు చెబుతున్నారు?

బోస్టను రేవులో 1773లో తేయాకు పెట్టెలు నీటిపాలైన కథ మాత్రం అందరూ చెబుతారు. ఆ ఏటి చట్టంతో తేయాకు చౌకయ్యేదని చెప్పరు! తమ ప్రతినిధి లేని పార్లమెంటు వేసిన సుంకాన్ని చౌక సరుకు మాటున ఒప్పించజూస్తున్నారన్నదే వారి ఆగ్రహం. ఆ తేయాకు మనకు తెలిసిన ఈస్టిండియా కంపెనీదే. 1770 నాటి ఘోర క్షామంలోనూ బెంగాలులో శిస్తు వసూలు చేసిన కంపెనీ అది.

1776 జూలై 4న ఒక జాతి పుట్టిందనడమూ తొందరపాటే. ఆనాడు వెలువడినది ప్రకటన. 1781లో అమలుకు వచ్చిన సమాఖ్య ఒప్పందం ప్రకారం వారి కాంగ్రెసుకు పన్ను వేసే అధికారమే లేదు. పన్నుపై తిరగబడినవారు పన్ను లేక సైనికుల జీతాలకు తడుముకున్నారు! 1787లో రాజ్యాంగం రాసుకొని, రాష్ట్రాలను ఒక్కొక్కటిగా ఒప్పించుకొని, 1789లో గాని ప్రభుత్వం నిలబెట్టలేకపోయారు. పదమూడింటిలో చివరిదైన రోడ్ ఐలండు 1790లో గాని ఒప్పుకోలేదు. ఆ రాజ్యాంగమే ప్రతినిధుల సభ స్థానాల లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా ఎంచింది. 1790 జనగణనలో దాదాపు 39 లక్షల జనంలో బానిసలు ఏడు లక్షలకు దగ్గర.

మన నేలతో లంకె కావాలంటే వెదకనక్కరలేదు. 1781లో యార్కుటౌను వద్ద లొంగిపోయిన సేనాని కారన్ వాలీసు. అతడే 1786లో గవర్నరు జనరలుగా ఇక్కడికి వచ్చాడు. 1792లో టిప్పు సుల్తానుతో చేసుకున్న సంధితో బారామహలు కంపెనీ వశమైంది. నేటి కృష్ణగిరి, ధర్మపురి అందులోనివే. అక్కడ ఓడినవాడు ఇక్కడ గెలిచాడని చెప్పి చూడండి, కృష్ణగిరి పిల్లలు పాఠాన్ని మరువరు.

"ఇటువంటివి ఆంగ్ల మాధ్యమంలోనే సాధ్యం" అనే తల్లిదండ్రులకు ఒక మాట. ఆంగ్లంలోని "కాలనీ" అన్న పదమూ స్థిరనివాసాన్నీ, పరపాలననూ ఒకే మూటలో కడుతుంది. తెలుగులో "వలసవాసుల తిరుగుబాటు" అనీ, "పాలితుల పోరాటం" అనీ విడదీసి చెప్పవచ్చు. చెప్పకపోవడం మన సోమరితనం, భాష లోపం కాదు.

వచ్చే పరీక్షలో బోస్టనులో పారబోసిన పెట్టెలెన్నని అడగకండి. 1783 సంధి నాటికి ఎవరికి స్వేచ్ఛ దక్కింది, ఎవరికి దక్కలేదు అని పది మార్కులకు అడగండి.