పసిబిడ్డల బట్టలకు కుంకుడు రసము



మొన్న వేసవిలో మా సంఘములోని ఒక పెద్దమ్మగారు పది నెలల మనుమరాలిని ఎత్తుకొని మా యింటికి వచ్చినారు. వెనుక కోడలు. బిడ్డ మెడ మడతలలోను, నడుము చుట్టును చర్మము ఎర్రబడి, గోకి గోకి గరుకు తేలినది. రాత్రులు బిడ్డకు నిద్ర లేదు, తల్లికి అసలే లేదు. “పాలు పడటం లేదయ్యగారూ, పత్యం చేయమంటే చేయదు” అని అత్తగారి ఫిర్యాదు. ఆ అమ్మాయి మాత్రము మూడు వారములుగా చేప, వంకాయ, గోంగూర అన్నీ మానివేసి చారు అన్నముతో సరిపెట్టుకొనుచున్నది. బాలింత నోరు కట్టివేయుట మన ఇండ్లలో ఎంత సులభమో!

ప్రార్థన అయిన తరువాత మా యింటివారు బిడ్డను చేతిలోనికి తీసుకొని, “ఈ గౌను ఇంత వాసన వస్తుందేమిటి?” అన్నారు. అది సబ్బుపొడి వాసన. ఉతికి రెండు రోజులైనదట. ఆమె ఊరుకొనక, సంచిలో నున్న మరియొక ఆరిన గౌనును గిన్నెడు మంచినీళ్లలో వేసి పిసికినారు. నీళ్లపైన నురగ లేచినది. మీరును మీ ఇంటిలో ఈ పరీక్ష చేసి చూడవచ్చును, ఖర్చు ఏమియు లేదు.

నురగ ఎందుకు మిగిలినదని అడిగితే అసలు సంగతి బయటపడినది. బోరింగు వారి వీధి చివర నున్నది. వేసవిలో నీళ్లు తక్కువ. నలుగురి బట్టలు ఉతికి జాడించుటకు కోడలు ఒక్కతే నీళ్లు మోయవలెను. కాబట్టి ఒక్కసారి జాడించి ఆరవేయుచున్నది. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. ఆమె భర్త అప్పుడు గేటు దగ్గర మోటారు సైకిలు మీద కూర్చొని యున్నాడు. అతనిని లోపలికి పిలిచి, రోజుకు మరి నాలుగు బిందెలు నీవు తేవలెనని చెప్పినాము. అత్తగారికి ఆ మాట అంతగా నచ్చలేదు.

మన చర్మము స్వభావముగా కొంచెము ఆమ్లగుణము గలది. సబ్బు, బట్టల సోడా క్షారగుణము గలవి. అవి బట్టలో మిగిలిపోయి, చెమట తగిలినప్పుడు మెత్తని చర్మమును మండించును. పొడులలో కలిపే సువాసనలు కూడ కొందరికి పడవు. ఇంతకు తోడు మన బోరు నీళ్లు అనేక చోట్ల ఉప్పు నీళ్లు. అట్టి నీటిలో సబ్బు సరిగా నురగ రాక తెల్లని తెట్టెగా మారి నూలు దారములకు పట్టుకొనును. బట్ట అట్టవలె బిగిసి బిడ్డ ఒంటిని రాచుకొనును. గంజియు, నీలిమందును పెద్దవారి ఆదివారపు బట్టలకే గాని పొత్తిగుడ్డలకు వద్దు.

ఇటువంటి ఇండ్లకు మేము చెప్పునది కుంకుడు రసము. దీనితో మన అమ్మమ్మలు తలంటినారు, పట్టుచీరలు ఉతికినారు, కంసాలులు నగలు మెరుగు పెట్టినారు. కాయ తోలులో సపోనిన్ అను పదార్థమున్నది, నురగ దానిదే. ఉప్పు నీటిలో కూడ అది తెట్టె కట్టదు.

పదిహేను కాయలు రాతిమీద కొట్టి నల్లని గింజలు తీసివేయవలెను. ఆ తోలును రెండు లీటర్ల వేడినీళ్లలో రాత్రి నానవేసి, ఉదయము బాగుగా పిసికి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. తొందరగా కావలెనంటే పావుగంట మరిగించి చల్లార్చవచ్చును. వడకట్టుటలో బద్ధకించితే తోలు ముక్కలు బట్టకు అంటుకొని గోధుమరంగు మచ్చలు పడును. ఆ రసమును అరబకెట్టు నీళ్లలో కలిపి, బిడ్డ బట్టలు అరగంట నానబెట్టి, చేతితో నలిపి, రెండు మూడుసార్లు మంచినీళ్లలో జాడించి ఎండలో ఆరవేయవలెను. రసము ఒకటి రెండు రోజులలో పులిసిపోవును గనుక ఏ రోజుకారోజు చేసుకొనుటయే మేలు. కంటిలో పడితే ఎంత మండునో చిన్ననాట తలంటు పోసుకొన్న వారెవరికిని చెప్పనక్కరలేదు. మిగిలిన రసము చెరువులోనికి పోయవద్దు, చేపలకు అది విషము. గిరిజనులు ఏరిన కుంకుళ్లను 1956 లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. సంతలలోను దొరుకును. చెట్టు నుండి వచ్చినది గనుక ఎవరికిని హాని లేదని మేము అనము. మొదట ఒకటి రెండు గుడ్డలు ఉతికి, రెండు మూడు రోజులు వాడి చూడండి.

కొందరు, “అయ్యగారూ, మీరు మునుపు స్త్రీల సమాజములో సబ్బు చేయుట నేర్పినారు కదా, అది చెప్పండి” అందురు. ఆ సంగతియు ఒప్పుకొనెదము. కొబ్బరినూనె, కాస్టిక్ సోడా తెచ్చి, సోడాను నీళ్లలో కలుపుటకు మేము ఎంచుకొన్నది సిల్వరు గిన్నె. క్షణములో అది బుసబుస పొంగి, గిన్నె నల్లబడి, ఘాటుకు అందరము బయటికి పరుగెత్తినాము. కాస్టిక్ సోడా అల్యూమినియమును తినివేయునని వేదాంత డిప్లొమాలో ఎవరును చెప్పలేదు! నవ్వుకొన్నాము గాని, ఆ నీరు పసివాడు ఒక్క గుక్క త్రాగితే నోరు, గొంతు కాలిపోవును. చిన్నపిల్లలున్న ఇంటిలో ఆ పని వద్దు. మెత్తని సబ్బు కొరకు అంత ప్రమాదము దేనికి? బూడిద నీళ్లు కూడ క్షారమే. మలాకీ ప్రవక్త కాలపు చాకలులు వాడినది మొక్కల బూడిద నుండి తీసిన క్షారమే గాని, అది బిడ్డల చర్మమునకు మంచిదని దాని అర్థము కాదు.

కుంకుడుకు జిడ్డు మరకలు అంత సులభముగా పోవు. ముఖ్యముగా ప్రత్తికి, మిరపకు మందు కొట్టి వచ్చినవారి బట్టలకు అది చాలదు. ఆ బట్టలు విడిగా, వేరే బకెట్టులో, వేడినీళ్లతోను సబ్బుపొడితోను ఉతకవలెను. బిడ్డ గౌన్లు ఉతికే బకెట్టులో వాటిని ముంచనే కూడదు. ఈ మాట తండ్రులకు చదివి వినిపించండి.

ఇంకొక సంగతి. రాత్రివేళ దురద ఎక్కువై, వ్రేళ్ల సందులలో పొక్కులు లేచి, ఇంటిలో ఇద్దరు ముగ్గురు గోకుకొనుచుంటే అది గజ్జి కావచ్చును. సబ్బు మార్చితే అది పోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి, డాక్టరుగారు ఇచ్చిన మందును దురద లేనివారితో సహా ఇంటిల్లిపాది ఒకే రోజున రాసుకొనవలెను. పుండ్లు చీము పట్టినను, జ్వరము వచ్చినను ఆ దినమే వెళ్లండి.

ఆ బిడ్డను కూడ మరునాడే డాక్టరుగారికి చూపించమన్నాము. ఆయన గజ్జి కాదని చెప్పి పూతమందు వ్రాసినారు, తల్లిని అన్నీ తినమన్నారు. మెడ మీది ఎర్రదనము రెండు వారములలో తగ్గినది, మోకాటి మడతలలో ఇంకను కొంత యున్నది. పోయిన మంగళవారము మేము ఆ వీధిన వెళ్లినప్పుడు అత్తగారు అరుగుమీద కుంకుళ్లు కొట్టుచున్నారు. కుమారుడు బోరింగు దగ్గర ఆడవారి వరుసలో, కొంచెము సిగ్గుపడుచు, రెండు బిందెలతో నిలిచియున్నాడు.