చూసి పెట్టిన సంతకం

2008లో నేను బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా మా చిన్నమ్మకు గర్భసంచి తీసేశారు. ఆమెకప్పుడు ముప్పై రెండేళ్ళు. తెల్లబట్ట అవుతోందని టౌనుకి తీసుకెళ్తే ‘వదిలేస్తే కాన్సరవుతుంది’ అన్నారు. ఆపరేషన్‌కు ముందు ఇంగ్లీషులో ఉన్న కాగితం ఒకటి తెచ్చారు. బాబాయి దాన్ని నా చేతికిచ్చి ‘చదువుకున్నదానివి, నువ్వు చూసి సాక్షి సంతకం పెట్టమ్మా’ అన్నాడు. చూశాను, పెట్టాను. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తామని అందులో రాసే ఉంది. అవి తీస్తే ఏమవుతుందో నాకు తెలియదు. పదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు మా సారు ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీలు తిప్పేశారు. చిన్నమ్మ నలభై దాటకుండానే ఎముకల నొప్పులతో మంచాన పడ్డాక, ఇంకో డాక్టరు పాత కాగితాలు చూసి చెప్పింది.

అదే డిగ్రీలో నేను సైన్సు కూడా చదివాను! ఆర్ట్స్ వాళ్ళ కోసం ‘సైన్స్ అండ్ సివిలైజేషన్’ అని ఒక ఫౌండేషన్ కోర్సు ఉండేది. ఆర్యభట్టు నుంచి ఉపగ్రహాల దాకా నోట్సు రాసుకున్నాం. ఎవరు ఏం కనిపెట్టారో రాశాం, మార్కులొచ్చాయి. ఆ కోర్సు మమ్మల్ని సైన్సు ముందు చేతులు కట్టుకుని నిలబడమంది తప్ప ప్రశ్న అడగమనలేదు.

మా ఊరు నడిగూడెం. ఊళ్ళో కోట ఊసెత్తితే పింగళి వెంకయ్య పేరు చెబుతారు. నాకు మాత్రం ఆ జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా చేసిన కొమర్రాజు లక్ష్మణరావు గుర్తొస్తారు. ఆయన 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం తెలుగులో అచ్చు వేయించారు. వాళ్ళ లెక్కలో ‘నాన్ సైన్స్’ పాఠకులు లేరు, ఇంగ్లీషు రాని పాఠకులు మాత్రమే ఉన్నారు. బడి ముఖం చూడని ఆయన అక్క భండారు అచ్చమాంబ, ఆ పుస్తకాలు రాకముందే, 1905లో ముప్పై ఏళ్ళకే పోయింది. మేనత్త పేరు పెట్టుకున్న ఆయన కూతురు కొమర్రాజు అచ్చమాంబ డాక్టరై, ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాసింది. నూరేళ్ళ తర్వాత అదే ఊరి పిల్లనైన నా చేతిలో పెట్టింది ఉపగ్రహాల నోట్సు.

అసలు ‘నాన్ సైన్స్’ అంటే ఎవరు? తమ్ముణ్ణి విజయవాడ కార్పొరేట్ కాలేజీలో ఎం.పి.సి.లో వేసి, ‘ఆడపిల్లకి బై.పి.సి. ఎందుకు, ఫీజులు దండగ’ అని హెచ్.ఇ.సి.లో కూర్చోబెట్టిన అమ్మాయి. సైన్సు చదవనివ్వని ఆ శరీరాల మీదే సైన్సు పనిచేస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. 2009లో ఖమ్మం జిల్లాలో పద్నాలుగు వేల మంది ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా ప్రయోగం జరిగింది. హాస్టల్ పిల్లల అనుమతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ వార్డెన్లు చదువుకున్నవాళ్ళే, నాలాగే.

సైన్సు లెక్చరర్లని అడిగితే ‘ఆర్ట్స్ వాళ్ళకి అంత లోతెందుకండీ’ అంటారు. వాళ్ళతో పోట్లాడటం తేలిక. మన సంగతేమిటి? దేహ రాజకీయాల మీద సెమినార్ పత్రాలు రాస్తాం, ప్రసవ వేదన కవిత్వాన్ని విశ్లేషిస్తాం, రక్తపరీక్ష రిపోర్టు వస్తే ఫోన్ చేసి ఎవరినో అడుగుతాం. సైన్సు రాకపోవడాన్ని కొంచెం ముచ్చటగా చెప్పుకుంటాం కూడా. 1991లో హైదరాబాదు స్త్రీవాదులు ‘సవాలక్ష సందేహాలు’ అన్న ఆరోగ్య పుస్తకం తెచ్చారు. నా బి.ఏ.లో గానీ ఎం.ఏ.లో గానీ ఒక్క టీచరైనా దాని పేరు చెప్పలేదు. నేనూ పీహెచ్.డి. అయ్యాకే చూశాను.

ఆర్ట్స్ విద్యార్థుల సైన్సు కోర్సు పలచన చేసిన సైన్సు కాకూడదు. అనుమతి పత్రం చదవడం, ‘ఈ ఆపరేషన్ కాకుండా ఇంకేం దారి ఉంది’ అని అడగడం, నూటికి ఎందరికన్న అంకె ఎలా వచ్చిందో తేల్చుకోవడం, ఇవి అందులో ఉండాలి. తెలుగులో ఉండాలి. ల్యాబు ఉండాలి. మిగిలిపోయిన పీరియడ్ల కింద తెలుగు లెక్చరర్‌కి అంటగట్టకూడదు.

నాకు అలాగే అంటగట్టారు. గెస్ట్ లెక్చరర్‌గా ఉన్నప్పుడు పర్యావరణం పేపరు చెప్పమన్నారు. ఒకరోజు సిలబస్ పక్కన పెట్టి చిన్నమ్మ డిశ్చార్జి కాగితం జిరాక్సు తీసుకెళ్ళాను, ఆమెనడిగే. మర్నాడు తొమ్మిది మంది అమ్మాయిలు తమ అమ్మల కాగితాలు తెచ్చారు. సగం మాటలు నాకూ అర్థం కాలేదు. జువాలజీ మేడమ్‌ని పిలిచాను. ఆమె వచ్చి రెండు గంటలు కూర్చుంది. ఆ గంటలు వర్క్‌లోడ్ కిందికి రావని ఆఫీసులో చెప్పారు. ఆమె మళ్ళీ వచ్చే వారం కూడా వచ్చింది, లంచ్ టైములో.