నీటిని కొలిచి చేపను వదిలేస్తే

తీరంలో కొత్త పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడల్లా ఒకే జవాబు వినిపిస్తుంది. వ్యర్థజలాన్ని శుద్ధి చేస్తాం, పరిమితులకు లోబడే వదులుతాం, పైపు వేసి సముద్రం లోపలికి పంపుతాం, అంత నీటిలో ఇదెంత? అనకాపల్లి, కాకినాడ తీరాల్లో మత్స్యకారులు అడ్డుచెప్పినప్పుడు అధికారులే కాదు, చదువుకున్న పట్నవాసులూ ఈ మాటే అంటారు. ఇది శాస్త్రం చెప్పిన మాట అని నమ్ముతారు. కాదు. కొన్ని విషాల విషయంలో ఇది పూర్తిగా తప్పని తేలి అరవై ఏళ్లు దాటింది.

కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అని ఒక సరస్సు ఉంది. అక్కడికి విహారానికి వచ్చేవాళ్లను విసిగించే చిన్న పురుగుల కోసం 1949లో నీటిలో డీడీడీ కలిపారు. డీడీటీకి దగ్గరి చుట్టం ఈ మందు. లెక్క జాగ్రత్తగానే వేశారు: సుమారు ఏడు కోట్ల భాగాల నీటికి ఒక్క భాగం. పురుగులు తిరిగి రావడంతో 1954లో, 1957లో మళ్లీ కలిపారు. ఈలోగా చేపలు తిని బతికే గ్రీబ్ పక్షులు చచ్చి తేలడం మొదలైంది. వాటి కొవ్వును పరీక్షిస్తే పది లక్షల భాగాలకు 1,600 భాగాల డీడీడీ. నీటిలో వేసిన మోతాదుకు ఇది దాదాపు లక్ష రెట్లు. వెయ్యి జంటలకు పైగా గూళ్లు కట్టిన చోట 1960 నాటికి మిగిలినవి ముప్పై జంటలే. ఆఖరిసారి మందు వేసిన కొన్నాళ్లకే నీటిలో దాని ఆనవాలు కూడా దొరకలేదు. ఆ రోజు ఎవరైనా నీటిని మాత్రమే పరీక్షించి ఉంటే సరస్సు శుభ్రంగా ఉందనే రాసేవారు.

ఆ మందు ఎక్కడికీ పోలేదు. నాచులోకి వెళ్లింది. నాచును తిన్న చిన్న జీవిలోకి, దాన్ని తిన్న చేపలోకి, ఆ చేపను తిన్న పక్షిలోకి ఎక్కింది. కొవ్వులో కరిగి అక్కడే ఉండిపోయే విషాన్ని ఒళ్లు సులువుగా బయటికి పంపలేదు. ప్రతి జీవీ తన బరువుకు ఎన్నో రెట్లు తింటుంది. తిన్నది ఖర్చవుతుంది, విషం నిల్వ ఉంటుంది. మిథైల్ మెర్క్యురీ అనే పాదరస రూపం దారి వేరు. అది కొవ్వులో కాదు, కండలో మాంసకృత్తులకు అతుక్కుంటుంది. చర్మం వలిచినా, ఎంత ఉడికించినా పోదు. మన ఒంట్లో చేరినదాంట్లో సగం తగ్గడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. వారానికి నాలుగు రోజులు చేపే కూరైన ఇంట్లో అది తగ్గే వ్యవధి ఎక్కడిది?

జపాన్‌లోని మినమాటాలో జరిగింది ఇదే. చిస్సో కంపెనీ 1932 నుంచి పాదరసం కలిసిన వ్యర్థజలాన్ని అఖాతంలోకి వదిలింది. ముందు పిల్లులు వణుకుతూ, తిరుగుతూ చచ్చాయి. 1956 మే 1న కంపెనీ ఆసుపత్రి పెద్ద డాక్టర్ హొసొకావా మనుషుల్లోనూ కనిపించిన ఈ అంతుపట్టని జబ్బు గురించి అధికారులకు కబురు పంపారు. ఆ తర్వాత కంపెనీ చేసిన పని మన పైపులైన్ల వాదులు తప్పక తెలుసుకోవాలి. 1958 సెప్టెంబరులో వ్యర్థాల దారి మార్చి నది ముఖంలోకి తిప్పారు. నది ప్రవాహం కలిస్తే పలచబడాలి కదా. కొద్ది నెలల్లోనే ఉత్తరాన, అంతవరకు జబ్బు లేని తీర గ్రామాల్లో కొత్త రోగులు కనిపించారు. 1959 డిసెంబరులో శుద్ధి యంత్రం పెట్టారు. ప్రారంభోత్సవంలో కంపెనీ అధ్యక్షుడు శుద్ధి చేసిన నీళ్లంటూ ఒక గ్లాసు తాగి చూపించాడు. పాదరసం వచ్చే విభాగం నీళ్లు ఆ యంత్రంలోకి వెళ్లనే లేదు. ప్రభుత్వం నిజం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. మావి బిడ్డను కాపాడుతుందని నమ్మిన వైద్యం కూడా అక్కడ ఓడిపోయింది. తల్లి ఒంట్లోని పాదరసం గర్భంలోని బిడ్డకు చేరింది. తల్లులకు స్వల్ప లక్షణాలే ఉన్నా, పిల్లలు కాళ్లూ చేతులూ స్వాధీనం లేకుండా పుట్టారు.

మన దగ్గర వదిలేది పాదరసం కాదు కదా అంటారు. నిజమే, మన తీరంలోని ఫార్మా పరిశ్రమల వ్యర్థాలన్నీ ఒంట్లో పేరుకునే రకం కావు. అయితే ఏది పేరుకుంటుందో, ఏది పేరుకోదో చెప్పాల్సింది పైపు వేసేవాళ్లు. వాళ్లు చూపించే కాగితంలో నీటి అంకెలే ఉంటే ఆ ప్రశ్నకు జవాబు లేనట్టే. చేపలు తినడం మానమంటున్నారా అని ఎదురు ప్రశ్న వేసేవారూ ఉన్నారు. కానే కాదు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపల్లో పాదరసం నిల్వ సాధారణంగా తక్కువ. సొర, పెద్ద ట్యూనా లాంటి వేటాడే చేపల్లో ఎక్కువ. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లోనే మామూలు చేపకు కిలోకు 0.5 మిల్లీగ్రాముల మిథైల్ మెర్క్యురీని, వేటాడే చేపకు 1 మిల్లీగ్రామును హద్దుగా పెట్టింది. ఆహార గొలుసులో పైకి వెళ్లేకొద్దీ విషం పెరుగుతుందని ఒప్పుకునే ఆ అంకెలు పెట్టారు. పైపు దగ్గరికి వచ్చేసరికి అదే సంగతి ఎవరికీ గుర్తుండదు.

1960 నుంచి మినమాటా చుట్టుపక్కల జనం జుట్టులో పాదరసం కొలిచారు. గొషొనౌరా దీవిలో ఒక మహిళ జుట్టులో పది లక్షల భాగాలకు 920 భాగాలు తేలింది. ఆ ఫలితాలు వాళ్లకు చెప్పలేదు, వాళ్లు ఆ చేపలే తింటూ ఉండిపోయారు. మన తీరంలో పైపు వేయడానికి ముందే ఆ రేవులో దిగే వేటాడే చేపల కండనూ, అక్కడి గర్భిణుల జుట్టునూ పరీక్షించాలి. ఆ తర్వాత ఏటా పరీక్షించాలి. ఆ అంకెలు తెలుగులో రేవులోనే రాసి పెట్టాలి, ఎవరి ఫలితం వాళ్ల చేతికివ్వాలి. ఇది చేయనంతవరకు పరిమితుల్లోనే ఉందన్న మాటను ఒప్పుకోవాల్సిన అవసరం మత్స్యకారులకు లేదు.