బీపీ గోలి వేసుకోవడం అవిశ్వాసమా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల సంఘాల్లో తరచుగా వినబడే ఒక సాక్ష్యం ఉంది. "ఉపవాస ప్రార్థనలో అయ్యగారు చేతులుంచి ప్రార్థన చేసిండ్రు. ఆ రోజు నుండి బీపీ గోలీలు బంద్ చేసిన. నాకేం కాలేదు. దేవునికి స్తోత్రం." సంఘమంతా హల్లెలూయ అంటుంది. వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మ మాత్రం తన సంచిలోని గోలీల గురించి ఆలోచనలో పడుతుంది. "నాకు విశ్వాసం తక్కువైందా? నేనింకా ఎందుకు మింగుతున్న?" అనుకుంటుంది. మరుసటి వారం ఆమె కూడా మానేస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. డాక్టరు పరీక్షించి ఆపమనకముందే గోలీలు మానేసిన సంగతిని మన సంఘాల్లో సాక్ష్యంగా చెప్పనివ్వకూడదు. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతున్నాను. రోగుల కొరకు ప్రార్థిస్తాను, ఇకమీదట కూడా ప్రార్థిస్తాను. అందుకే ఈ మాట చెప్పే బాధ్యత కాపరులమైన మా మీద ఉంది.

మొదట ఆ "నాకేం కాలేదు" అనే మాటను చూద్దాం. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, పన్ను పాడైతే నిద్ర పట్టదు. బీపీ అలా కాదు. చాలామందికి ఏ బాధా ఉండదు. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ వేర్వేరు రోజుల్లో చూసినా దాటుతూ ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. మనిషి నాటు వేస్తూనే ఉంటాడు, రైసుమిల్లులో బస్తాలు మోస్తూనే ఉంటాడు. లోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాల రక్తనాళాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటాయి. ఒక తెల్లవారుజామున మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయినప్పుడే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. గోలి ఆపిన వారానికి ఏమీ కాకపోవడం స్వస్థతకు రుజువు కాదు. ఆ జబ్బు నడక అంతే. గోలి బీపీని అదుపులో ఉంచుతుంది, చాలామందిలో జబ్బును తీసివేయదు. మానేస్తే మెల్లగా మళ్లీ పెరుగుతుంది.

ఇప్పుడు వాక్యం దగ్గరకు వద్దాం. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో హిజ్కియా మరణకరమైన రోగంతో పడి ఉన్నాడు. కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి 15 సంవత్సరాల ఆయుష్షు పెంచుతానని యెషయా ద్వారా సెలవిచ్చాడు. వాగ్దానం వచ్చేసింది. అయినా ఆ అధ్యాయంలోనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఇచ్చిన దేవుడే ఆ పట్టీని కూడా వాడుకున్నాడు. వాగ్దానం ఉంది కదా, ఈ ముద్ద నాకెందుకని హిజ్కియా అనలేదు.

అపొస్తలుడైన పౌలు చేతుల మీదుగా అద్భుతాలు జరిగాయి. అదే పౌలు తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల కోసం, కడుపు జబ్బు కోసం ఏం పుచ్చుకోవాలో పత్రికలో రాశాడు. పౌలుతో ప్రయాణం చేసిన లూకా వైద్యుడు. సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు, దేవుణ్ణి శోధించకూడదని ఆయన దూకలేదు. డాక్టరుకు చెప్పకుండా గోలీలు పారేయడం నాకు ఆ శిఖరం మీద నుండి దూకినట్టే కనబడుతుంది.

అయితే నిజంగా స్వస్థత కలిగితే? దానికీ ప్రభువే దారి చూపాడు. కుష్ఠరోగిని బాగుచేసిన తరువాత, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మని పంపించాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోజుల్లో చూసి నిర్ధారించే పని యాజకునిది. ఈ రోజు ఆ పరీక్ష డాక్టరు దగ్గర ఉంది. నీకు స్వస్థత కలిగిందని నమ్ముతున్నావా? సంతోషం. గోలీలు వేసుకుంటూనే వెళ్లి చూపించుకో. బీపీ బాగా తగ్గితే డాక్టరే మోతాదు తగ్గిస్తాడు, అవసరం లేకపోతే ఆయనే ఆపుతాడు. అప్పుడు వచ్చి సాక్ష్యం చెప్పు, సంఘమంతా కలిసి దేవుణ్ణి స్తుతిద్దాం. దేవుడు చేసిన కార్యం పరీక్షకు నిలబడుతుంది.

ఈ గోలి ఎంత పెద్ద మేలో మన తరం మరచిపోయింది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు 1944 మార్చిలో చూస్తే బీపీ 186/108 ఉంది. లోకంలోని పేరున్న వైద్యులు ఆయన చుట్టూ ఉన్నా, బీపీని సరిగా అదుపు చేసే మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. ఆ రోజు పై అంకె 300 దాటింది. తరువాత 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ మన నేలలో పెరిగే సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని ఇంగ్లండులోని వైద్య పత్రికలో రాస్తే ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఆ వేరును ఎవరూ సొంతంగా వాడవద్దు, ఇప్పుడు అంతకంటే మంచి మందులున్నాయి. నేను చెప్పేది ఒకటే. ఆ వేరులో ఆ గుణం పెట్టింది ఎవరు? దాన్ని కనిపెట్టే జ్ఞానం మనిషికి ఇచ్చింది ఎవరు? మన తాతలకు సువార్త తెచ్చిన మిషనరీలు గుడితోపాటు దవాఖాన కూడా కట్టారు. 1900లో ఐడా స్కడర్ వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల నేటికీ లక్షలమందికి సేవ చేస్తోంది.

ఆనాడు అధ్యక్షునికి దొరకని మందు ఈనాడు మన ఊరి కూలి అక్కకు సర్కారు దవాఖానలో ఉచితంగా దొరుకుతుంది. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం, బీపీ ఉన్న ప్రతి ఐదుగురిలో నలుగురికి సరైన చికిత్స అందడం లేదు. మందు ఉంది. వేసుకునేవారు తక్కువ.

గోలి ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని బోధిస్తాం, భోజనం దగ్గర మరచిపోతాం. రోజుకు ఒక మనిషికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలు, అంటే చిన్న చెంచాడు. మామిడికాయ తొక్కు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండుచేపలు కలిస్తే అది ఒక్క పూటలోనే దాటిపోతుంది. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవండి. బరువు తగ్గించుకోండి. కల్లు, సారా, బీడీ, గుట్కా విడిచిపెట్టండి. ఒళ్లునొప్పులని రోజూ నొప్పుల గోలీలు, సూదులు తీసుకునేవారు డాక్టరుకు చెప్పండి. వాటిలో చాలావరకు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

కాబట్టి మన సంఘాలకు నా మనవి ఇది. నెలకు ఒక ఆదివారం ఆరాధన తరువాత బీపీ చూసే ఏర్పాటు చేద్దాం. ఊళ్లోని ఆశా అక్కనో, ఏఎన్‌ఎం అమ్మనో పిలుద్దాం. చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, ఆ అరగంటలో టీ తాగి ఉండకూడదు. ప్రేమ విందు కూరల్లో ఉప్పు తగ్గిద్దాం. ఉపవాసం ఉండదలచినవారు గోలీలు ఎప్పుడు, ఎలా వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి. గోలి నీళ్లతో మింగితే ఉపవాసం చెడిపోదు. యవ్వనస్తులారా, ఇంట్లో అమ్మానాన్నల గోలీలు అయిపోకముందే తెచ్చిపెట్టండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక పక్క బలం తగ్గినా ముందు 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు.

వెనుక వరుసలోని పెద్దమ్మా, చివరిగా నీతో ఒక మాట. నీ విశ్వాసం తక్కువైనది కాదు. గోలి చేతిలోకి తీసుకొని, ఇది దయచేసిన దేవునికి కృతజ్ఞతలు చెప్పి వేసుకో. అన్నం ముందు ప్రార్థన చేసినట్టే ఇదీ. నువ్వు ఇంకా చాలా ఏళ్లు మా మధ్య కూర్చొని పాటలు పాడాలని సంఘం కోరుకుంటోంది.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆయురారోగ్యాలతో దీవించును గాక. ఆమేన్.