నాన్న బండి, నా బండి

పోయిన సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు ఒక ఘనకార్యం చేసొచ్చాను. డెబ్బై రెండేళ్ళ మా నాన్న దగ్గర్నుంచి స్ప్లెండర్ తాళం లాగేసుకున్నాను. "ఈ వయసులో ఎందుకు నాన్నా, ఆటోలో వెళ్ళొచ్చుగా" అని ఒక క్లాసు కూడా పీకాను. ఆయన గొడవ పెట్టుకోలేదు. "సరేరా, మరి నువ్వెప్పుడు ఆపుతావు?" అనడిగారంతే.

నాకు నలభై తొమ్మిది. నా దగ్గర సమాధానం లేదు.

మన ఐటీ జనాల వరస చూడండి. నాన్న రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రైతుబజారుకి బండి మీద వెళ్తే మొండితనం. మనం ఇంటి లోను తీరాక రెండొందల కిలోలకి దగ్గరున్న బుల్లెట్ కొని లడఖ్ బయల్దేరితే ప్యాషన్! ఆయన నలభై ఏళ్ళుగా రోజూ నడిపిన మనిషి. మనం పదిహేనేళ్ళు కార్లో ఏసీ వేసుక్కూర్చుని, ఉన్నట్టుండి మళ్ళీ రెండు చక్రాలెక్కినవాళ్ళం. అసలు ఎవరి తాళం ముందు లాక్కోవాలి?

"ప్రమాదాల్లో పోయేది కుర్రాళ్ళే కదా" అంటారు. నిజమే. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,000 మందికి పైగా పోయారు, అందులో సుమారు 44 శాతం టూవీలర్ల మీదున్నవాళ్ళే. మొత్తం మృతుల్లో మూడింట రెండొంతులు 18-45 ఏళ్ళవాళ్ళు. కానీ రోడ్డు మీద ఎక్కువగా తిరిగేదీ వాళ్ళే. పైగా పాతికేళ్ళవాడు దులుపుకుని లేచే దెబ్బకి అరవై ఏళ్ళ తుంటి ఎముక విరుగుతుంది. ఆ లెక్క చూసి మనం గుండెల మీద చెయ్యేసుకుని పడుకోనక్కర్లేదు.

పోనీ చట్టం ఆపుతుందా? 2019 సవరణ ప్రకారం 50-55 మధ్య లైసెన్సు తీసుకుంటే అరవై దాకా చెల్లుతుంది, 55 దాటితే ఐదేళ్ళకోసారి రెన్యూవల్. నలభై దాటినవాళ్ళకి ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. ఆ సంతకం ఎంతసేపట్లో పడుతుందో మీకు నేను చెప్పాలా?

నేననేదేంటంటే, తేల్చాల్సింది వయసు కాదు, షరతులు. అవీ ముందే రాసుకోవాలి. టెస్టింగ్ మొదలెట్టకముందే ఎగ్జిట్ క్రైటీరియా రాస్తాం కదా? రిలీజు రాత్రి రాస్తే ప్రతి బగ్గూ "మైనర్" అయిపోతుంది. బండి సంగతీ అంతే. మందగిస్తున్న చూపుని ఆ చూపుతోనే కొలవమంటే ఎలా?

గుంటూరు నుంచి వచ్చిన నెలకి గచ్చిబౌలి దగ్గర యూటర్న్ తిప్పుతుంటే మెడ వెనక్కి తిరగలేదు. వెనకున్న బస్సు సంగతి దాని హారనే చెప్పింది. ఇంటికొచ్చి "అద్దం సరిగ్గా లేదు" అన్నాను. అద్దం బానే ఉంది.

ఆ రాత్రే కూర్చుని రాశాను. ఎదుటి లైట్లకి కళ్ళు బైర్లు కమ్మడం మొదలైతే రాత్రి బండి బంద్. వానలో, హైవే మీద తడబాటు తెలిస్తే అవీ బంద్. ఆగిన బండి బరువు ఒక కాలి మీద ఆపలేకపోతే వెనక ఎవర్నీ ఎక్కించుకోను. మెడ భుజం మీదుగా తిరగకపోయినా, ఏడాదిలో రెండుసార్లు "వీడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?" అనుకున్నా, మొత్తానికే బంద్. కాగితం మా ఆవిడ దగ్గరుంటుంది. తీర్పు కూడా ఆవిడదే.

ఇంకో మాట. నాన్న తాళం లాక్కున్నాను గానీ బదులేమిచ్చాను? ఆ సందులోకి ఆటో రాదు. బ్యాంకు, టీకొట్టు దగ్గర స్నేహితులు, అన్నీ ఆ తాళంతోనే పోయాయి. ఫోన్ చేసి తప్పయిందన్నాను. ముందు కళ్ళ పరీక్ష, అది బావుంటే పగటిపూట, పేట దాటకుండా, హెల్మెట్‌తో అని ఒప్పందానికొచ్చాం.

నా కాగితం కూడా చదివి వినిపించమన్నారు. అంతా విని, "మరి మెడ తిరుగుతోందా?" అన్నారు.

ఫిజియో దగ్గరికి తిరుగుతున్నాను. ప్రస్తుతానికి బండి మీద కవరు కప్పే ఉంది. మీ కాగితం సంగతేంటి?