తోమడం వేరు, కాపాడడం వేరు



మహర్నవమి వచ్చిందంటే మన పశ్చిమ ప్రాంతంలో ఇనుముకంతా పండగే. ఎమ్మిగనూరులో మగ్గాలకు, ఆదోనిలో పత్తి మిల్లుల యంత్రాలకు, పల్లెల్లో కొడవళ్లకు, నాగళ్లకు పసుపు కుంకుమలు పెడతాం. కొన్ని పాత ఇళ్లలో అటక మీది నుంచి ఇంకొకటి కూడా కిందికి దిగుతుంది. అది ఎప్పుడో పేలడం మానేసిన తాతల నాటి తుపాకీ. దానికి ఆ రోజు మనం చేసే మర్యాద గురించే నా ఫిర్యాదు.

మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. గొట్టం మూతిలోంచి మందు దట్టించి, జామగి అంటించి పేల్చే కాలం నాటిది. చిన్నప్పుడు ఒక పండక్కి నేనే దాన్ని చింతపండుతో, ఇటుకపొడితో ఒళ్లొంచి తోమాను. పైన కొబ్బరినూనె పట్టించాను. తళతళా మెరిసింది. "భేష్ రా అబ్బీ!" అన్నాడు మా జేజినాయన. కొన్నేళ్లకు చరిత్ర చెప్పే మేష్టారొకరు మా ఇంటికొచ్చి, దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ ఏవో అక్షరాలుండేవి. ఎవరు అరగదీశారు?" అన్నారు. నేను తల వంచుకున్నాను. అది ఏ భాషో, ఎవరి పేరో ఇక ఎవరూ చెప్పలేరు.

ఈ నష్టం మా ఇంటిదొక్కటే అయితే ఈ వ్యాసం రాయనక్కరలేదు. 1786లో టిప్పు సుల్తాన్ నెల రోజుల ముట్టడి తర్వాత ఆదోనిని పట్టుకుని, కోట గోడలు కూలగొట్టించి, ఫిరంగులనూ సామగ్రినీ గుత్తికి తరలించాడు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. మన్రో వచ్చి పాళెగాళ్లను అణిచాడు. వీళ్ల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మరి ఆ తుపాకీ గొట్టాన్ని సాగగొట్టిన కమ్మరి పేరు? వెనక కర్రను చెక్కిన వడ్రంగి పేరు? ఉంటే గింటే ఆ ఇనుము మీది గీతల్లో, ఆ కర్ర మీది ఉలి జాడల్లో ఉండాలి. వాటిని మనం ఏడాదికోసారి పండగ పేరుతో తోమి పారేస్తున్నాం.

చింతపండు పులుపు ఇనుమును తింటుంది. ఇటుకపొడి ఆకురాయిలా గీకుతుంది. కొబ్బరినూనె, ఆముదం దుమ్మును పట్టుకుంటాయి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది గనుక వేలిముద్ర పడ్డచోటే తుప్పు మొదలవుతుంది. మన ఎండలకు కర్ర ఎండి పగులుతుంది, వానలకు తేమ పీల్చి ఉబ్బుతుంది.

మరేం చేయాలి? మైనం పూయాలి. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞులు 1950ల్లో ఈ పనికోసమే పెట్రోలియం నుంచి తీసే సన్నని స్ఫటికాల మైనంతో ఒక లేపనం తయారుచేశారు. ఇప్పటికీ ఎన్నో మ్యూజియాల్లో అదే వాడతారు. తేనెమైనం చాలదా అంటే, అందులో కొద్దిగా ఆమ్లగుణం ఉంది. ఇత్తడి బిళ్లలున్నచోట ఏళ్ల తరబడి ఉంటే పచ్చని చిలుము తెస్తుంది.

పని కష్టమేమీ కాదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. పొడిగా రాలే ఎర్ర తుప్పును తేలికపాటి యంత్రపు నూనెతో మెల్లగా తుడిచి తీయాలి. తుప్పు మీదే మైనం పూస్తే దొంగను లోపల పెట్టి తలుపేసినట్టే. నూనె జాడ కూడా లేకుండా ఆరాక, వేలెడంత మైనం తీసుకుని ఇనుముకూ, నునుపు చెడని కర్రకూ పలుచగా, చాలా పలుచగా పూసి, మెత్తటి నూలుగుడ్డతో రుద్దాలి. ఎమ్మిగనూరు గుడ్డ కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? దళసరిగా పూస్తే మన వేసవికి మెత్తబడి దుమ్ము పడుతుంది. రంగు పెచ్చులూడే కర్రను మాత్రం ముట్టుకోవద్దు. మైనంలోని గొప్పతనం ఏమిటంటే, రేపు అవసరమైతే దాన్ని కరిగించి తీసేయవచ్చు. వార్నిషు అంత సులభంగా వదలదు. ఇటుకపొడి అరగదీసిందైతే ఎన్నటికీ తిరిగి రాదు.

"అసలే ఫ్యాక్షన్ల సీమ అని పేరు, మళ్లీ తుపాకులకు సేవలా?" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. నేనడిగేది ఆయుధాన్ని బతికించమని కాదు. పేలని తుపాకీ ఒక దస్తావేజు. దాన్ని చదవగలిగే స్థితిలో ఉంచమంటున్నాను. 1959 నాటి ఆయుధ చట్టం కూడా బాగుచేసినా పేలడానికి వీల్లేని పురాతన ఆయుధాలను మినహాయించింది. పేలే అవకాశమున్నదానికి లైసెన్సు కావాలేమో అధికారులను అడిగి తెలుసుకోవాలి. ఇంకొక మాట: పాత గొట్టంలో ఎప్పుడో దట్టించిన మందు ఇంకా ఉండిపోయి ఉండవచ్చు. తెలిసినవాళ్లు చూసి చెప్పేదాకా దాన్ని ముట్టవద్దు.

మన విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి కట్టే రంగు కాగితాల ఖర్చులో కొంత తగ్గించి రెండు డబ్బాల మైనం కొందాం. రసాయనశాస్త్రం వాళ్లు పూసే పద్ధతి చూపించాలి, చరిత్ర వాళ్లు అక్షరాలు రాసుకోవాలి. వచ్చే మహర్నవమికి ముందే అడిగిన ఇళ్లకు వెళదాం. పూజ వద్దని ఎవరికీ చెప్పనక్కరలేదు. పసుపు కుంకుమలు తుపాకీ ముందు పీట మీద పెట్టినా అమ్మవారు కాదనదు.

మా తుపాకీకి ఈ ఏడు మైనం పూశాను. అక్షరాలు తిరిగి రాలేదు. మీ ఇంట్లోవి ఇంకా ఉన్నాయేమో, తోమకముందే ఒకసారి చూడండి.