అరువు ఎండ

రెండరింగ్ నేర్చుకునేవాడికి మొదట్లోనే చెవిన పడే సలహా ఒకటుంది: లైట్లు పెట్టుకుంటూ కూర్చోకు, మంచి హెచ్‌డీఆర్‌ఐ ఒకటి వెయ్యి, మిగతాది అదే చూసుకుంటుంది. ఎందుకంటే అది కెమెరా పట్టిన అసలు వెలుగట. చేత్తో పెట్టిన లైటు కల్పన, ఆకాశం ఫొటో సత్యం. అపార్ట్‌మెంట్ బ్రోచర్లకు బొమ్మలు చేసేవాళ్లలో చాలామందికి ఇది వేదవాక్కు. నేను ఒప్పుకోను. ఫొటోలో ఉన్నది అసలు వెలుగే. కాని అది ఎక్కడిది, ఎప్పటిది, ఏ దిక్కు నుంచి వచ్చింది అని అడగడం మానేశాక దానికి సత్యమన్న బిరుదు ఎందుకు?

సంగతి తెలియనివారికి రెండు మాటలు. మామూలు ఫొటోలో తెల్ల గోడా సూర్యబింబమూ ఒకే తెలుపు. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసిన ఫొటోలను కలిపితే ఏది దేనికి ఎన్ని రెట్లు ప్రకాశమో లెక్క దొరుకుతుంది. అలా కలిపి చేసిన ఫొటోయే హెచ్‌డీఆర్‌ఐ. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ ఆ లెక్కకు ఒక పద్ధతి చూపారు. మరుసటి ఏడాది డెబెవెక్ అద్దంలా మెరిసే గోళాన్ని ఫొటో తీసి, అందులో చిక్కిన చుట్టుపక్కల వెలుగుతోనే కంప్యూటర్ వస్తువులను వెలిగించి, నిజమైన దృశ్యంలో కలిపాడు. సినిమా గ్రాఫిక్స్‌లో ఈ దారి ఇంకా నడుస్తోంది. షూటింగ్ జరిగిన చోటే, ఆ షాట్ వెలుగులోనే ఫొటో తీసుకుంటారు. అక్కడ దానికి తిరుగులేదు, నాకూ పేచీ లేదు.

కాని డెబెవెక్ ఆ పద్ధతిని వివరించిన 1998 పేపరే దృశ్యాన్ని మూడుగా విడదీసింది: దూరపు పరిసరం, దగ్గరి పరిసరం, కొత్తగా చేర్చే వస్తువులు. ఫొటో నుంచి వచ్చే వెలుగు దూరపు పరిసరానిది. దగ్గరున్నవాటిని విడిగా కట్టుకోవాలి. 1999లో సెయింట్ పీటర్స్ బసిలికాలో సాగే ‘ఫియట్ లక్స్’ లఘుచిత్రానికి డెబెవెక్ బృందం గోళం ఫొటోలు ఉన్నా వాటితో సరిపెట్టుకోలేదు. వెలుగు వచ్చే చోట్లను గుర్తించి, అక్కడ విడిగా లైట్లు నిలిపింది. పద్ధతి కనిపెట్టినవాళ్లు పడిన కష్టాన్ని, వాళ్ల పేరు చెప్పుకునేవాళ్లు ఎగ్గొడుతున్నారు.

ఇక సూర్యుడి సంగతి. ఆకాశంలో ఆయన వెడల్పు సుమారు అర డిగ్రీ. 4096 పిక్సెళ్ల వెడల్పున్న హెచ్‌డీఆర్‌ఐలో అది అటూ ఇటుగా ఆరు పిక్సెళ్లు. నిర్మలమైన మధ్యాహ్నం నేల మీద పడే సుమారు 1,00,000 లక్సుల్లో నీలాకాశం వాటా 10,000 నుంచి 20,000 దాకా. మిగతాదంతా ఆ కాసిని పిక్సెళ్లే మోయాలి. కెమెరా షట్టర్‌ను ఎంత వేగంగా కొట్టినా, లెన్సు రంధ్రాన్ని ఎంత కుదించినా ఫిల్టర్ లేకుండా సూర్యబింబం లెక్కకు అందదు. అందుకే 2004లో డెబెవెక్ బృందం వెలుగులో వెయ్యో వంతునే లోపలికి వదిలే ఫిల్టర్ వాడి సూర్యుణ్ణి కొలిచింది. ఉచితంగా దొరికే హెచ్‌డీఆర్‌ఐల్లో ఈ జాగ్రత్త తీసుకున్నవి ఉన్నాయి, తీసుకోనివీ బోలెడు. తీసుకోనివాటిలో సూర్యుడు తల తెగినవాడే. నీడలు మెత్తబడి, మిట్టమధ్యాహ్నం కాస్తా మబ్బు పట్టిన సాయంత్రంలా వస్తుంది. దాన్నే ‘సాఫ్ట్ లుక్’ అని మెచ్చుకుంటున్నాం.

అసలు అన్యాయం మాత్రం దిక్కుల దగ్గర జరుగుతోంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు 84 డిగ్రీల ఎత్తున, అదీ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. డిసెంబర్‌లో కూడా 49 డిగ్రీలకు దిగడు. బెర్లిన్‌లో జూన్‌లో 61, డిసెంబర్‌లో 14. యూరప్ పచ్చిక మైదానంలో తీసిన ఏటవాలు బంగారు ఎండను తెచ్చి కోకాపేట టవర్ మీద పోసి, అందంగా కనిపించేదాకా ఆకాశాన్ని గిరగిరా తిప్పి, రెండర్ కొడుతున్నాం. డాలస్‌లో పెళ్లికి హైదరాబాద్ పంచాంగం గడియలు చూసి ముహూర్తం పెట్టడం లాంటిదిది. అక్కడి తెలుగువాళ్లే ఆ పని చేయరు, తమ ఊరికి గణించిన పంచాంగం తెప్పించుకుంటారు.

ఏప్రిల్ నడుమ హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు సుమారు 82 డిగ్రీలు. దక్షిణం వైపు 5 అడుగుల బాల్కనీ, దాని మీద పై అంతస్తు బాల్కనీ, మధ్య 10 అడుగుల ఎత్తు అనుకోండి. ఎండ బాల్కనీ గచ్చు మీద ఒకటిన్నర అడుగు కూడా లోపలికి రాదు. బ్రోచర్‌లో మాత్రం అదే ఎండ హాలు దాటి సోఫా ఎక్కి కూర్చుంటుంది. ఉత్తరం ఫేసింగ్ ఫ్లాట్‌లోకీ అలాగే వస్తుంది. తూర్పా ఉత్తరమా అని వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకు తిరిగే కొనుగోలుదారుడు, గోడ మీద ఎండ ఏ దిక్కు నుంచి పడిందో ఒక్కసారి అడగడు. ఇది నాకెప్పుడూ వింతే. ఇక ఎదురుగా లేచే మరో టవర్ నీడ ఆ పచ్చిక మైదానపు ఫొటోలో ఎలా ఉంటుంది?

‘క్లయింటుకు అందం కావాలి, ఖగోళం కాదు’ అంటారు. సరే, అందమే ఇవ్వండి. ఛాయాగ్రాహకుడూ అబద్ధపు వెలుగే పెడతాడు, కాని ఏ ముఖం కనబడాలి, ఏ మూల చీకటిగా ఉండాలి అని తేల్చుకుని పెడతాడు. నాలుగు ఫైళ్లు మార్చి చూసి బాగున్నదాన్ని ఉంచేయడంలో ఆ తేల్చుకోవడమే లేదు. ‘టైం లేదు’ అన్న సాకూ నిలవదు. వీ-రేలో, త్రీడీఎస్ మ్యాక్స్‌లో, బ్లెండర్‌లో ఊరు, తేదీ, గంట ఇస్తే సూర్యుణ్ణి సరైన చోట పెట్టే సదుపాయం ఉంది. ఐదు నిమిషాల పని. ఆకాశానికి హెచ్‌డీఆర్‌ఐయే కావాలంటే అందులోని సూర్యుణ్ణి చెరిపి, లెక్క ప్రకారం మరొకణ్ణి నిలపొచ్చు. ఇంకా ఓపికుంటే కట్టబోయే స్థలానికే వెళ్లి అక్కడి ఆకాశాన్నే తీసుకురావచ్చు.

2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకటనలోని తప్పుడు మాటకు బిల్డర్‌ను బాధ్యుణ్ణి చేసింది. ఎండ కూడా ఆ మాటల్లోకి వస్తుందో రాదో లాయర్లు చూసుకుంటారు. బ్రోచర్ అడుగున ‘ఊహాచిత్రం’ అని చీమతలంత అక్షరాల్లో వేసే చోటే తేదీ, గంట, ఉత్తరం ఎటో చూపే బాణం కూడా వేయమని బొమ్మ చేసేవాళ్లు పట్టుబట్టాలి. ఆ మూడూ వేయలేని బొమ్మను వెలుగు పేరు చెప్పి అమ్మొద్దు.